చూసిన చోటే మళ్లీ చూడటం

జూన్ వచ్చేసరికి టూసాన్ నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అమెరికా నైరుతి మూలన, అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు అది. వాళ్లకూ ఒక ఋతుపవనం ఉంది. దాన్ని వాళ్లు కూడా మాన్‌సూన్ అనే పిలుచుకుంటారు. జూన్ 24న, సెయింట్ జాన్ పండుగనాడు, వాన కోసం ఊరేగింపు తీస్తారు. అంతకన్నా పాత ఆచారం ఆ నేలకు అసలు వారసులైన తొహోనో ఓధమ్ ప్రజలది. సవారో అనే ఎత్తైన జెముడు మాను నెత్తిన కాసే ఎర్రటి పళ్లను పొడవాటి గడలతో రాల్చి, రసం కాచి పులియబెట్టి, ఆ పానీయంతో వానను పిలుస్తారు. వాళ్ల కొత్త సంవత్సరం మొదలయ్యేది అప్పుడే. ఏరువాక నాటికి మబ్బు కోసం మెడలెత్తి చూసే మనకు ఇదేమీ వింతగా తోచదు.

ఆ ఊరి పడమటి వైపున టుమామాక్ అనే గుట్ట ఉంది. నల్లటి అగ్నిశిలల గుట్ట, ఎత్తూ పెద్దగా లేదు. సగం ఎక్కాక అదే రాయితో కట్టిన పాత భవనాలు కనిపిస్తాయి. ఎడారి మొక్కల అధ్యయనం కోసం 1903లో కార్నెగీ సంస్థ నెలకొల్పిన ప్రయోగశాల అది. ఇప్పుడు అరిజోనా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఫ్రెడరిక్ కోవిల్, డేనియల్ మెక్‌డూగల్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు ఎడారులన్నీ తిరిగి చూసి ఈ చోటును ఎంచుకున్నారు. రైలు సౌకర్యం ఉంది, పక్కనే విశ్వవిద్యాలయం ఉంది. ఊరి వర్తకులు స్థలం ఇప్పిస్తాం, దారి వేయిస్తాం, ఫోను పెట్టిస్తాం అని ముందుకొచ్చారు. శాస్త్రవేత్తలు తమ ఊళ్లో ఉండటం గొప్ప అనుకునే వర్తక సంఘాలు ఆ రోజుల్లో ఉండేవి మరి.

నీళ్లు లేనిచోట మొక్క ఎలా బతుకుతుంది? వాళ్లు వచ్చింది ఈ ప్రశ్నతో. తొలి సమాధానాల్లో ఒకటి ఎఫీ స్పాల్డింగ్ ఇచ్చారు. సవారో కాండం నిండా నిలువు మడతలు ఉంటాయి. వాన పడితే మడతలు విచ్చుకుని మాను లావెక్కుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఆ కదలికను ఆమె ఓపికగా కొలిచి 1905లో ప్రచురించారు. మొక్క దాచుకున్న నీటిని మొక్కను కోయకుండా, బయటినుంచే లెక్కగట్టవచ్చని తేలింది. చదువుతుంటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఎండలో, ఆ ముళ్ల మధ్య, ఒకే మాను దగ్గరికి పదేపదే వెళ్లి కొలవడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే మాత్రం అలా అనిపించదు.

ఆమె భర్త వోల్నీ స్పాల్డింగ్ 1906లో చేసిన పని ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. గుట్ట మీదా చుట్టుపక్కలా పది మీటర్ల చదరాలను కొన్నింటిని గుర్తు పెట్టి, ఒక్కొక్క చదరంలో ఏ మొక్క ఎక్కడ ఉందో పటం గీశారు. మరుసటి ఏడు, 1907లో, పశువులు రాకుండా ప్రయోగశాల వాళ్లు చుట్టూ కంచె వేయించారు. ఎనిమిది వందల అరవై ఎకరాల నేల ఆ కంచె లోపలికి వచ్చింది. అప్పటికి ఆ దేశపు పశ్చిమాన మేతకు దొరికిన నేలనంతా పశువులు గీకి వదిలిపెడుతున్నాయి. కంచె వేసినవాళ్ల ఉద్దేశం తమ మొక్కలను ఆవుల నోటినుంచి కాపాడుకోవడమే అయి ఉంటుంది. ఫలితం మాత్రం వాళ్ల ఉద్దేశాన్ని మించిపోయింది. పశువుల మేత ఆగిపోతే ఎడారి ఏమవుతుందో చూపించే అతి పాత నేలల్లో అదొకటి. ఇక ఆ చదరాల్లో కొన్నింటిని ఇప్పటికీ కొలుస్తున్నారు. ప్రపంచంలో ఇంతకాలంగా మొక్కమొక్కనూ లెక్కపెడుతూ వస్తున్న ఇలాంటి చదరాలు మరెక్కడా లేవని ఆ రంగంలోని వాళ్లు చెబుతారు. 1906 నుంచి 2012 దాకా, నూట ఆరేళ్ల లెక్కలను ఒకచోట చేర్చి 2013లో అందరికీ అందుబాటులో పెట్టారు.

ఆ లెక్కలు ఏం చెప్పాయి? 1978 దాకా ఉన్న వాటిని డెబొరా గోల్డ్‌బర్గ్, రేమండ్ టర్నర్ కలిసి పరిశీలించి 1986లో రాశారు. మొక్కల సంఖ్యలు బాగా పెరిగాయి, బాగా తగ్గాయి. కానీ డెబ్బై రెండేళ్లు చూసినా ఎడారి ఒకే దిక్కుకు నడుస్తున్నట్టు కనబడలేదు. ఒక దశాబ్దం మాత్రమే చూసినవాడు ఎడారి పచ్చబడుతోందని చెప్పేవాడు. ఇంకో దశాబ్దం చూసినవాడు ఎడారి చచ్చిపోతోందని చెప్పేవాడు. ఇద్దరూ అబద్ధమాడినట్టు కాదు. ఇద్దరి చేతిలోనూ నిజమైన అంకెలే ఉండేవి.

ఇది కేవలం ఊహ కాదు, అక్కడే ఒకసారి జరిగింది కూడా. ఫారెస్ట్ ష్రీవ్ 1908లో ఆ ప్రయోగశాలకు వచ్చాడు. తర్వాతి రోజుల్లో ఉత్తర అమెరికా ఎడారులను విభజించి, ఈ గుట్ట ఉన్న సొనోరా ఎడారికి హద్దులు గీసిన మనిషి. ఆయన భార్య ఎడిత్ అక్కడే మొక్కలు ఆకులనుంచి నీటిని ఎలా వదులుతాయో పరిశోధించారు. సవారోల్లో పిల్ల మొక్కలు చాలా తక్కువగా ఉన్నాయని ష్రీవ్ 1910లోనే గమనించి రాశాడు. ముసలివి పోతున్నాయి, వాటి జాగాలోకి తగినన్ని కొత్తవి రావడం లేదు. ఇలాగైతే ఈ జాతి నిలవడం కష్టమని ఆయన లెక్క తేల్చింది. లెక్కలో తప్పేమీ లేదు. కానీ సవారో కాలమానం వేరు. మొలిచిన తొలి పదేళ్లలో అది బొటనవేలంత కూడా ఎదగదు. పాలో వర్డే లాంటి ఏదో ఒక చెట్టు నీడలో, ఎండకూ మంచుకూ చిక్కకుండా ముడుచుకుని కూర్చుంటుంది. పక్కకు తొలి కొమ్మ వేయడానికి యాభై నుంచి డెబ్బై ఐదేళ్లు పడుతుంది. నూట యాభై ఏళ్లు బతుకుతుంది, కొన్ని అంతకన్నా ఎక్కువ. ఇలాంటి మానుకు ప్రతి ఏటా పిల్లలు నిలబడాల్సిన అవసరమే లేదు. వరసగా కొన్ని మంచి వానాకాలాలు, గడ్డకట్టించని కొన్ని శీతాకాలాలు కలిసొచ్చినప్పుడు ఒక తరం మొత్తం ఒక్కసారిగా నిలదొక్కుకుంటుంది. తర్వాత దశాబ్దాలపాటు ఏమీ ఉండదు. ఈ అలల తీరు స్పష్టంగా తేలింది 1998లో. టర్నర్, ఎలిజబెత్ పియర్సన్ ఎనభై ఐదేళ్ల సవారో లెక్కలతో వ్యాసం ప్రచురించేనాటికి ష్రీవ్ పోయి నలభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు మళ్లీ 1990ల నుంచి సాగుతున్న దీర్ఘమైన కరవులో ఆ ఎడారిలో పిల్ల సవారోలు కనబడటం తగ్గిపోయింది. ఇది రెండు అలల నడుమ మామూలు విరామమా, లేక ఈసారి నిజంగానే వాతావరణం మారిన లక్షణమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే లెక్కలు ఉన్నాయంటే పాత కాగితాలు పారేయనందువల్లే.

టర్నర్‌కు ఇంకో అలవాటు ఉండేది. పాత ఫొటోలు సేకరించి, ఆ ఫొటో తీసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో రాళ్ల అమరికను బట్టి కనిపెట్టి, సరిగ్గా అక్కడే కెమెరా పెట్టి మళ్లీ ఫొటో తీసేవాడు. జేమ్స్ హేస్టింగ్స్‌తో కలిసి 1965లో ఆయన తెచ్చిన పుస్తకం నిండా ఇలాంటి జంట చిత్రాలే. ఒక పేజీలో పందొమ్మిదో శతాబ్దపు గడ్డి మైదానం, ఎదురు పేజీలో అదే కొండ కింద మెస్కీట్ అనే చెట్ల పొదలు.

మొక్కల చదువు ఇంత నెమ్మదిగా సాగే చోట, అన్నింటికన్నా ఆసక్తిగా కనిపించేది మాత్రం నాలుగైదు నెలలు మించి బతకని మొక్కల కథ. శీతాకాలపు వానకు మొలిచి, వసంతంలో పూసి, ఎండలు ముదిరేలోపు గింజ రాల్చి పోయే చిన్న చిన్న మొక్కలు అవి. వాటిలో ఒకటి మనకు బాగా తెలిసినదే. మన ఇళ్లలో రాత్రిపూట గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్‌గోల్, ప్లాంటాగో ఒవాటా, టుమామాక్ గుట్ట కింద తనంతట తానే మొలుస్తుంది. లారెన్స్ వెనబుల్ అనే ఆచార్యుడు, ఆయన విద్యార్థులు 1982 నుంచి ఏటా ఈ మొక్కలను వెంబడిస్తూ వచ్చారు. మొలక కనబడగానే పటంలో చుక్క పెడతారు. ఎన్ని పూత దాకా బతికాయో, ఒక్కొక్కటీ ఎన్ని గింజలు ఇచ్చిందో లెక్కపెడతారు. మట్టి తవ్వి, మొలవకుండా ఉండిపోయిన గింజలనూ లెక్కపెడతారు.

ఆ మొలవని గింజల్లోనే ఉంది అసలు సంగతి. మంచి వాన పడినా ఎడారి మొక్క గింజలన్నీ మొలవవు. కొన్ని మొలుస్తాయి, కొన్ని నేలలో పడుకునే ఉంటాయి. ఆ వాన తర్వాత మళ్లీ చినుకు పడకపోతే మొలిచినవన్నీ పోతాయి, పడుకున్నవి మిగులుతాయి. అనంతపురం రైతు వేరుశనగ సాళ్ల మధ్య కంది వేసుకోవడం కూడా ఈ లెక్కే: ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తుందని. మొక్కలూ ఇలాంటి జాగ్రత్త పాటిస్తాయని లెక్కల మీద సూత్రం చెప్పినవాళ్లు 1960ల నుంచే ఉన్నారు. కానీ అది నిజమని చూపించాలంటే మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ రెండూ తగినన్ని చూడాలి. ఒక విద్యార్థి పీహెచ్‌డీలో అన్ని ఏళ్లు పట్టవు. రెండు దశాబ్దాలకు పైగా లెక్కలు చేతికొచ్చాక, 2007లో వెనబుల్ దాన్ని చూపించగలిగాడు. ఏడాదికీ ఏడాదికీ మధ్య దిగుబడి బాగా ఊగిసలాడే జాతులే ఎక్కువ గింజలను నేలలో ఆపుకుంటున్నాయి. నిలకడగా పండే జాతులు ధైర్యంగా ఎక్కువ మొలకెత్తుతున్నాయి.

ఆ లెక్కల నుంచే ఇంకొక విచిత్రం బయటపడింది. భూమి వేడెక్కుతోంది కాబట్టి వేడిని ఓర్చే మొక్కలు పెరగాలి కదా. టుమామాక్ దగ్గర పెరిగినవి చలికి తట్టుకునే జాతులు. కారణం చూస్తే, శీతాకాలపు వానలు మొదలయ్యే సమయం వెనక్కి జరిగింది. ఒకప్పుడు ఇంకా వెచ్చగా ఉండగానే పడే తొలివాన ఇప్పుడు చలి ముదిరాక పడుతోంది. అంటే సగటున ఏడాది వేడెక్కినా, మొలక మాత్రం పాతకాలం కన్నా చల్లటి నేలలో కళ్లు తెరుస్తోంది. 2010లో ఈ సంగతి ప్రచురించారు. గదిలో కూర్చుని ఆలోచించి చెప్పమంటే తొమ్మిది మంది తెలివైనవాళ్లు తప్పు చెప్పే ప్రశ్న ఇది. పదోవాడు బహుశా ఆ గుట్ట మీద పనిచేసినవాడై ఉంటాడు.

మనకూ ఆ ఎడారికీ మధ్య ఇంకో సంబంధం ఉంది. అంత సంతోషించదగినది కాదు. ఆ గుట్టకు ఇప్పుడు పెద్ద బెడద ఒక గడ్డి. బఫెల్ గడ్డి అంటారు. ఆఫ్రికా నుంచి మన దేశం దాకా సహజంగా పెరిగే గడ్డి అది. రాజస్థాన్‌లో పశువులకు ప్రాణం పోసే మేత. జోధ్‌పూర్‌లో మెట్ట నేలల పరిశోధన సంస్థ దాన్ని ఎంతో ఆదరంగా పెంచింది. మన మెట్ట రైతులకు అంజన్ గడ్డి పేరుతో తెలుసు. మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుందని, పశువులకు మేత అవుతుందని 1930ల నుంచి అమెరికా తెప్పించుకుంది. అది పొలం దాటి ఎడారిలోకి నడిచింది. మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల ఉండటమే ఆ ఎడారికి నిప్పునుంచి రక్షణ. ఆ ఖాళీలను ఈ గడ్డి పూడ్చేస్తుంది. ఒకచోట అంటుకుంటే కొండంతా తగలబడుతుంది. గడ్డి మళ్లీ వేర్ల నుంచి లేస్తుంది. నిప్పు ఎరగని సవారో లేవదు. వారాంతాల్లో ఊరి జనం గునపాలు పట్టుకుని టుమామాక్ ఎక్కి ఆ గడ్డిని దుబ్బుదుబ్బుగా పెకలిస్తారు.

అటునుంచి మనకు వచ్చినది తక్కువేం కాదు. అరిజోనా వాళ్లు మెస్కీట్ అని ముద్దుగా చెప్పుకునే చెట్టుకు దగ్గరి చుట్టం మన సర్కారు తుమ్మ. తొహోనో ఓధమ్ ప్రజలు మెస్కీట్ కాయలు దంచి పిండి చేసుకుని తింటారు. అక్కడ అది ఇంటి చెట్టు. సర్కారు తుమ్మ గింజలను మద్రాసు అటవీ శాఖ 1870లలో జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం వైపు నాటింది. వంట చెరకు కోసం, నేల పచ్చబడటం కోసం. ఆ తర్వాతి కథ చెరువు గట్ల మీద, బీళ్ల మీద, పాడుబడ్డ బావుల చుట్టూ కంపగా మొలిచి ఉంది. వాళ్ల బెడద మన మేత, వాళ్ల ఇంటి చెట్టుకు చుట్టం మన బెడద. అక్కడా ఇక్కడా నాటినవాళ్లది మంచి ఉద్దేశమే. నాటాక ఏం జరుగుతోందో చూస్తూ కూర్చునే మనిషిని మాత్రం ఎవరూ నియమించలేదు.

ఆ చూస్తూ కూర్చునే మనిషి ఎంత సులువుగా మాయమవుతాడో టుమామాక్ చరిత్రే చెబుతుంది. 1940లో కార్నెగీ సంస్థ ఇక ఈ ఖర్చు తనవల్ల కాదని తప్పుకుంది. ప్రయోగశాలను, గుట్టను అమెరికా అటవీ శాఖకు ఒక్క డాలరుకు అప్పజెప్పింది. ముప్పై ఏడేళ్ల పని ధర అది. అరిజోనా విశ్వవిద్యాలయం దాన్ని తీసుకున్నది 1960లో. ఆ ఇరవై ఏళ్లలో కంచె తీసేసి ఉంటే, ఊరు పెరిగి ఆ వాలులో ఇళ్ల ప్లాట్లు వేసి ఉంటే అడిగేవాడు లేడు. టూసాన్ ఇప్పుడు ఆ గుట్టను చుట్టేసిన నగరం. పొద్దునా సాయంత్రం వందలాది మంది ఆ గుట్ట మీది తారు రోడ్డున నడకకు వెళతారు. పక్కనే రాళ్ల మధ్య ఉన్న ఆ చదరాల సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో. అరిజోనాలో చదువుకుంటున్న మన పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. సెలవులకు గ్రాండ్ కాన్యన్ చూసివస్తారు. వీలైతే ఒక పూట ఈ గుట్ట కూడా ఎక్కమని చెప్పాలనిపిస్తుంది.

విద్యార్థులకు అక్కడ నేర్పేది ఏమిటని అడిగితే, నిజంగా చెప్పాలంటే, లెక్కపెట్టడం. గొంతు కూర్చుని, ముఖం నేలకు ఆనేంత వంగి, చిటికెన వేలి గోరంత మొలక ఏ జాతిదో పోల్చుకోవడం. ఆ రోజు లెక్కపెట్టినదానికి అర్థం ఏమిటో తనకు తెలియకపోవచ్చు. తన లెక్కకు అర్థం వచ్చేసరికి ఇంకెవరో వ్యాసం రాస్తారు. పరిశోధనకు ఇచ్చే డబ్బు ఇవాళ ఎక్కడైనా మూడేళ్లకో ఐదేళ్లకో కత్తిరించి ఇస్తున్నారు. ఆ గడువులోపు ఫలితం చూపాలి, లేకపోతే తర్వాతి విడత రాదు. టూసాన్‌లో ఏడాదికి పడే వాన మూడు వందల మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ ఒక ఏడు పడితే ఇంకో ఏడు మొండిచేయి చూపిస్తుంది. మూడేళ్లలో ఒక్క మంచి వానాకాలం కూడా రాకపోతే ఆ విద్యార్థి చూపే ఫలితం ఏముంటుంది?

మన దగ్గరికి వస్తే, జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని మన పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. హగరి నది ఇసుక ఎగిరొచ్చి బొమ్మనహాళ్, కణేకల్లు వైపు పొలాల మీద దిబ్బలు కట్టడం అక్కడివాళ్లకు కొత్త కాదు. ఆ జిల్లాలో విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఒకే నేలలో ఏటా వేరుశనగే వేస్తూ, ఎరువు వేసిన మడినీ వేయని మడినీ పోల్చిచూసిన ప్రయోగం అక్కడ 1985లో మొదలై రెండు దశాబ్దాల లెక్కలు ఇచ్చింది. అలా ఒకే పంట వేస్తూపోతే నేలలోని సేంద్రియ సారం ఎంత తరుగుతుందో రైతుకు చెప్పడానికి చేతిలో ఉన్న గట్టి ఆధారం అలాంటి ప్రయోగమే. పంట మడికి ఆ ఓపిక ఉన్నప్పుడు, పంట వేయని బీడుకు కూడా అంత ఓపిక చూపించవచ్చు. రెండు మూడు ఎకరాల బీడుకు కంచె వేసి, లోపల ఏ గడ్డి వస్తోంది, ఏ కంప వస్తోంది, ఇసుక ఎంత జరిగింది, తొలకరి ఏ తేదీన పడింది అని ఏటా రాసిపెట్టుకుంటే చాలు. కంచెకు నిధులు ఏ పథకంలోనైనా దొరుకుతాయి. ఏటా ఒకసారి వెళ్లి మొక్కలు లెక్కపెట్టి వచ్చే మనిషి జీతం, ప్రయాణ భత్యం ఏ పద్దు కింద రాయాలో మాత్రం మన బడ్జెట్ పుస్తకాల్లో ఇంకా గడి లేదు.